తమ్మార్ గడియారం: ఒకే జంతువు వెంట సాగిన మెరిలిన్ రెన్‌ఫ్రీ పరిశోధన

కంగారూల్లా పొట్ట సంచిలో పిల్లను పెంచే చిన్న ఆస్ట్రేలియా జంతువులైన తమ్మార్ వాలబీల మీద పనిచేసే ప్రయోగశాలల్లో రోజుల లెక్క వింతైన చోట మొదలవుతుంది. జంతువులు జతకట్టిన రోజు నుంచి కాదు, పిల్ల పుట్టిన రోజు నుంచీ కాదు. తల్లి సంచిలో చనుమొన పట్టుకుని వేలాడుతున్న పిల్లను బయటికి తీసిన రోజే సున్నా. అక్కడి నుంచి ఎనిమిదో రోజు, పద్దెనిమిదో రోజు అంటూ లెక్క సాగి, ఇరవై ఆరో ఇరవై ఏడో రోజుకి ఇంకో పిల్ల పుడుతుంది. ఈ మధ్యలో ఆ తల్లి మగజంతువు దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు. ఆ రెండో పిల్ల అప్పటికే పిండమై, వంద కణాలకు కాస్త అటూ ఇటూగా పెరిగి, అక్కడితో ఆగిపోయి గర్భాశయంలో పడి ఉంది. పాలు తాగే పిల్ల తప్పుకోగానే దానికి కదలిక వస్తుంది.

ఇలా నడిచే గడియారాన్ని అర్థం చేసుకోవడానికి ఆస్ట్రేలియా జంతుశాస్త్రవేత్త మెరిలిన్ రెన్‌ఫ్రీ యాభై ఏళ్లు వెచ్చించారు. ఎలుక మీద పనిచేసేవాళ్లకు మూడు వారాలకొక ఈత పిల్లలు చేతికొస్తాయి. తమ్మార్ ఏడాదికి ఒక్కసారి, ఒక్క పిల్లనే పెంచుతుంది. ప్రయోగం తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. ఈ వృత్తిలో ప్రతిభతో పాటు ఓపిక కూడా పనిముట్టే. అయితే ఆమె కథలో అసలు ఆసక్తికరమైనది ఓపిక కాదు. సంచి జంతువుల గురించి శాస్త్రలోకంలో పాతుకుపోయిన ఒక చిన్నచూపు ఆ పనితో ఒక్కో పొరగా ఎలా ఊడిపోయిందన్నదే.

ఆ చిన్నచూపుకు చరిత్ర ఉంది. 1629లో బటావియా అనే డచ్చి ఓడ పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి ఎదురుగా ఉన్న అబ్రోల్హోస్ దీవుల దగ్గర బద్దలైంది. దాని అధిపతి ఫ్రాన్సిస్కో పెల్సార్ట్ అక్కడ చూసిన జంతువుల వర్ణన రాసిపెట్టాడు. అవి తమ్మార్‌లే. సంచిలో చనుమొనకు అతుక్కుని ఉన్న అతి చిన్న పిల్లలను చూసి, అవి చనుమొన లోంచే మొలకెత్తి పెరుగుతాయని అనుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. అప్పుడే పుట్టిన తమ్మార్ పిల్ల బరువు సుమారు 400 మిల్లీగ్రాములు, పొడవు పదహారు పదిహేడు మిల్లీమీటర్లు. తల్లి బరువులో పదివేల వంతు కూడా ఉండదు. కళ్లు తెరుచుకోవు, వెనక కాళ్లు మొగ్గల్లా ఉంటాయి. నోరు చనుమొన మీద ఎంత బిగుసుకుని ఉంటుందంటే ఏది పిల్ల, ఏది చనుమొన అని విడదీసి చూడటమే కష్టం. పెల్సార్ట్ పొరపాటు తర్వాతి కాలంలో సరిదిద్దుకున్నారు గానీ, దాని నీడ మాత్రం మిగిలిపోయింది. గుడ్డు పెట్టే ప్లాటిపస్‌కూ, మావి ద్వారా బిడ్డను పోషించే మిగతా క్షీరదాలకూ మధ్య, సగంలో ఆగిపోయిన మెట్టుగా కంగారూ జాతిని చూడటం ఇరవయ్యో శతాబ్దం దాకా పాఠ్యపుస్తకాల్లో మామూలే.

రెన్‌ఫ్రీ 1947లో బ్రిస్బేన్‌లో పుట్టారు. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో హ్యూ టిండేల్-బిస్కో దగ్గర పరిశోధనకు చేరి 1972లో డాక్టరేట్ పూర్తి చేశారు. ఆ రంగానికి పునాది వేసిన తరం అప్పటికే పనిలో ఉంది. కంగారూ జాతిలో పిండం పెరుగుదల ఆగిపోతుందని 1950లలో జెఫ్ షార్మన్ క్వొక్కా అనే చిన్న వాలబీలో చూపించాడు. ఆ విరామాన్ని నడిపించే హార్మోన్ల గొలుసును విప్పడంలో టిండేల్-బిస్కోది పెద్ద చెయ్యి. గురువు తల్లి శరీరంలోని ఆజ్ఞలను వెతుకుతుంటే, శిష్యురాలు ఎదుటి వైపు నుంచి ఒక ప్రశ్న పట్టుకున్నారు. పిండం తల్లికి ఏమైనా చెబుతుందా?

అప్పటి సమాధానం, చెప్పదు అని. దానికి కారణమూ ఉంది. సంచి జంతువుల్లో గర్భం చాలావరకు ఒక రుతుచక్రం వ్యవధి లోపే ముగిసిపోతుంది. గర్భం ఉన్నా లేకున్నా రక్తంలో హార్మోన్ల తీరు ఇంచుమించు ఒకటే. మనుషుల్లో పిండం సంకేతం పంపకపోతే నెలసరి వచ్చి గర్భం నిలవదు. కంగారూలో అలాంటి అవసరమే కనబడలేదు. అందుకని పిండం అక్కడ ఊరికే అద్దెకున్న జీవి అనీ, తల్లికి దాని ఉనికే తెలియదనీ నమ్మేవారు.

ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి రెన్‌ఫ్రీ జంతువు నిర్మాణాన్నే ఆధారం చేసుకున్నారు. ఈ పని దగ్గర కాస్త నిలబడి చూడాలి. ఆడ కంగారూలకు గర్భాశయాలు రెండు, వాటికి వేరువేరు ముఖద్వారాలు. వీర్యకణాలు పైకి వెళ్లడానికి పక్కల రెండు యోనిమార్గాలు, పిల్ల బయటికి రావడానికి మధ్యలో మూడోది. ఇంత చిక్కుకు కారణం మూత్రనాళాలు వెళ్లే దారి. మిగతా క్షీరదాల్లో అవి జననేంద్రియ నాళాలకు బయటి పక్కగా దిగుతాయి. సంచి జంతువుల్లో ఆ రెండు నాళాల మధ్య నుంచి దిగుతాయి. మధ్యలో అడ్డుండటంతో కుడి ఎడమ నాళాలు ఒకటిగా కలిసే వీలు లేదు. తమ్మార్‌లో ఒకసారి ఒక అండాశయం, మరోసారి ఇంకో అండాశయం అండాన్ని విడుదల చేస్తాయి. కాబట్టి గర్భం ఎప్పుడూ ఒక పక్కనే ఉంటుంది. రెండో గర్భాశయం ఖాళీ.

ప్రయోగానికి ఇంతకంటే చక్కటి ఏర్పాటు దొరకదు. ఒకే తల్లి, ఒకే రక్తం, గర్భాన్ని నిలిపే అదే ప్రొజెస్టరాన్ హార్మోన్ రెండు గర్భాశయాలకూ అందుతోంది. తేడా ఒక్కటే, ఒకదానిలో పిండం ఉంది, రెండోదానిలో లేదు. పిండం నిజంగానే మౌనంగా ఉంటే రెండూ ఒకేలా ఉండాలి. రెన్‌ఫ్రీ తూచి చూస్తే పిండం ఉన్న పక్క గర్భాశయం బరువు ఎక్కువ, దాని లోపలి పొర మరింత చురుకు, అది స్రవించే ద్రవంలో ప్రొటీన్ల తీరు వేరు. అంటే పిండమూ దాని మావీ తామున్న గోడనే తమకు కావలసినట్టు మార్చుకుంటున్నాయి. 1972లో ఈ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది. ఖరీదైన యంత్రమేదీ లేకుండా, జంతువు తనలోనే దాచుకున్న పోలికను చదివి రాబట్టిన సంగతి ఇది. ఒక డాక్టరేట్ విద్యార్థి పనిగా దీన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

సంచి జంతువులకు మావి ఉండదని ఇప్పటికీ చాలామంది అంటుంటారు. అది నిజం కాదు. తమ్మార్‌లో సొన సంచి పొరే మావిగా మారి తల్లి గర్భాశయానికి ఆనుకుని పోషకాలు తీసుకుంటుంది. అయితే గర్భంలో మూడింట రెండు వంతుల కాలం పిండం చుట్టూ ఒక పలచని పెంకు పొర ఉంటుంది. గుడ్డు పెట్టిన పూర్వీకుల ఆనవాలు అది. సుమారు పద్దెనిమిదో రోజున ఆ పొర విడిపోయాకే మావి తల్లి కణాలను నేరుగా తాకుతుంది. మిగిలినవి ఎనిమిది తొమ్మిది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే అవయవాలు ఏర్పడి, పాకగలిగే జీవి తయారవుతుంది.

మరి మిగతా ఎదుగుదలంతా ఎక్కడ జరుగుతుంది? పాల మీద. ఇతర క్షీరదాల్లో బొడ్డుతాడు నెలల తరబడి చేసే పనిని ఇక్కడ చనుమొన చేస్తుంది. తమ్మార్ పిల్ల సుమారు వంద రోజుల దాకా చనుమొనను వదలకుండా పట్టుకునే ఉంటుంది. పూర్తిగా పాలు మానేసరికి పది పదకొండు నెలలు. ఈ కాలమంతా పాలు ఒకేలా ఉండవు. మొదట్లో పలచగా, చక్కెరలు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉంటాయి. చివరికి వచ్చేసరికి చక్కెరలు పడిపోయి కొవ్వు బాగా పెరుగుతుంది. పెద్ద కంగారూల్లోనైతే సంచి బయట తిరిగే పెద్ద పిల్ల ఒక చనుమొన దగ్గర చిక్కటి పాలు తాగుతుంటే, అప్పుడే పుట్టినది పక్క చనుమొన దగ్గర పలచటి పాలు తాగుతుంది. ఒకే రక్తం, పక్కపక్కనే రెండు గ్రంథులు, రెండు రకాల పాలు. చంకలో ఒకటి, కడుపులో ఒకటి అనే మాట ఈ తల్లుల ముందు చిన్నబోతుంది.

పాలు మారడానికి పిల్ల చప్పరించే తీరు కారణమా, తల్లి గ్రంథి సొంత లెక్కా? దీన్ని తేల్చడానికి చిన్న పిల్లలను, పాల దశలో ముందున్న పెంపుడు తల్లుల సంచిలోకి మార్చి చూశారు. తల్లి పాలు పిల్ల వయసుకు దిగిరాలేదు. పిల్లే ఆ పాలకు తగ్గట్టు వేగంగా ఎదిగింది. అంటే ఎదుగుదల పగ్గాలు చాలావరకు తల్లి చేతిలోనే ఉన్నాయి. మావి చేసే పనినీ పాల గ్రంథి చేసే పనినీ జన్యువుల స్థాయిలో పోల్చిన 2017 నాటి పరిశోధనలోనూ రెన్‌ఫ్రీ భాగస్వామి. ఇతర క్షీరదాల మావిలో పనిచేసే ఎన్నో జన్యువులు తమ్మార్ పాలగ్రంథిలో పనిచేస్తున్నాయని అందులో తేలింది. సగంలో ఆగిన గర్భం అన్న పాత మాటకు ఇంతకంటే సూటి జవాబు లేదు. ఈ జంతువులు పనిని మానలేదు, గర్భం నుంచి రొమ్ముకు మార్చుకున్నాయి.

డాక్టరేట్ తర్వాత రెన్‌ఫ్రీ అమెరికాలోని టెనెస్సీలో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పనిచేసి ఆస్ట్రేలియాకు తిరిగివచ్చారు. పెర్త్‌లోని మర్డోక్ యూనివర్సిటీలో ఉన్నప్పుడు ఆమె దృష్టి హనీ పాసమ్ మీద పడింది. పూల మకరందం, పుప్పొడి మాత్రమే తిని బతికే ఈ చిట్టి జీవికి పుట్టే పిల్ల బరువు 5 మిల్లీగ్రాములకు మించదు. క్షీరదాల్లో ఇంతకంటే చిన్న శిశువు లేదు. మగవాటి వీర్యకణం మాత్రం క్షీరదాలన్నిటిలోకీ పొడవైనది. ఆ తర్వాత మోనాష్ యూనివర్సిటీ, అటుపైన మెల్‌బోర్న్ యూనివర్సిటీ. పునరుత్పత్తి శాస్త్రంలో తనకంటూ పేరున్న దివంగత రోజర్ షార్ట్ ఆమె భర్త, ఎన్నో పరిశోధనల్లో సహచరుడు కూడా. గురువు టిండేల్-బిస్కోతో కలిసి ఆమె 1987లో వెలువరించిన సంచి జంతువుల పునరుత్పత్తి గ్రంథం ఆ రంగంలోకి వచ్చేవాళ్లకు ఆధార గ్రంథమైంది. 1997లో ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ ఆమెను ఫెలోగా ఎన్నుకుంది.

ఆమె బృందం పనిలో మనుషుల వైద్యానికి బాగా దగ్గరగా వచ్చినది, శరీరం ఆడగానో మగగానో రూపొందే తీరు మీద చేసినది. బిడ్డ ఆడో మగో తేలాక శరీరం ఆ ప్రకారం తయారయ్యే దశ మనుషుల్లో గర్భంలోనే గడిచిపోతుంది. తమ్మార్‌లో అది సంచిలో, కళ్లెదుట జరుగుతుంది. పిల్లకు మందు ఇవ్వొచ్చు, రోజురోజుకూ మార్పు చూడొచ్చు. వృషణాలు తయారై హార్మోన్లు వదిలాకే మగ లక్షణాలన్నీ వస్తాయని 1940లలో ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేళ్ల మీద ప్రయోగాలతో నిరూపించాడు. అది అన్ని క్షీరదాలకూ వర్తించే సూత్రమనుకున్నారు. 1988లో తమ్మార్‌ల మీద వచ్చిన పరిశోధన దీనికి ఒక మినహాయింపు చూపింది. పిల్ల పుట్టడానికి కొన్ని రోజుల ముందే, లోపలి గ్రంథి వృషణమో అండాశయమో ఇంకా తేలకముందే, మగ పిండానికి వృషణకోశం ఉబ్బు, ఆడ పిండానికి పాలగ్రంథుల మొగ్గలు కనబడుతున్నాయి. హార్మోనే లేనప్పుడు ఇది హార్మోన్ పని ఎలా అవుతుంది? క్రోమోజోముల్లో తేడా ఉన్న జంతువులు దారి చూపాయి. రెండు ఎక్స్‌లూ ఒక వై ఉన్న దానికి వృషణాలు ఉండి కూడా వృషణకోశానికి బదులు సంచి వచ్చింది. ఒక్క ఎక్స్ మాత్రమే ఉన్నదానికి వృషణాలు లేకున్నా ఖాళీ వృషణకోశం వచ్చింది. సంచా, వృషణకోశమా అన్నది ఎక్స్ క్రోమోజోముల సంఖ్యను బట్టి తేలుతోందన్నమాట.

రెండో సంగతి ఇంకా దూరం వెళ్లింది. మగ పిల్లల్లో ప్రోస్టేట్, పురుషాంగం ఏర్పడే సమయంలో టెస్టోస్టిరాన్ స్థాయి ఆడ పిల్లల కంటే అంత ఎక్కువగా లేదు. మరి ఆ నిర్మాణాన్ని ఏది నడిపిస్తోంది? మెల్‌బోర్న్ బృందం, అమెరికాలోని డాలస్‌కు చెందిన జీన్ విల్సన్‌తో కలిసి, వృషణాలు ఆండ్రోస్టేన్‌డయోల్ అనే మరో హార్మోన్‌ను రక్తంలోకి వదులుతున్నాయని 2000లో చూపించింది. అది కావలసిన కణాల్లోకి చేరాక శక్తిమంతమైన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుతుంది. టెస్టోస్టిరాన్ మెట్టు తాకకుండా సాగే ఈ రసాయన మార్గానికి పెరటిదారి అని పేరొచ్చింది. 2011లో స్విట్జర్లాండ్ పరిశోధకులు మనుషుల్లోనూ ఇదే దారి ఉందనీ, దానిలోని జన్యువులు చెడితే మగశిశువుల జననాంగాలు సరిగా ఏర్పడవనీ కనుగొన్నారు. వాలబీ మీద పని ఎందుకని అడిగేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఎలుకను ఎంత శోధించినా తేలని సంగతి, ఎదుగుదల క్రమం వేరుగా ఉన్న జంతువులో తేటగా బయటపడింది.

మళ్లీ గడియారం దగ్గరికి. తమ్మార్‌లు ఎక్కువగా జనవరి చివర్లో ఈనుతాయి. పిల్ల పుట్టిన గంటల్లోనే తల్లి మళ్లీ జతకడుతుంది. ఆ పిండం వారం తిరిగేసరికి పావు మిల్లీమీటరు గోళమై ఆగిపోతుంది. సూక్ష్మదర్శిని కింద అది ఒకే వరుస కణాలతో అల్లిన బోలు బంతి. దాని చుట్టూ మూడు పొరల తొడుగు, అన్నిటికీ పైన ఆ పెంకు పొర. ఎలుక పిండంలోలా లోపల కణాల ముద్ద ఉండదు. సంచిలో పిల్ల పాలు చప్పరిస్తున్నంతకాలం తల్లి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ వదులుతుంది. అది అండాశయంలో ప్రొజెస్టరాన్ తయారుచేసే కార్పస్ లూటియం అనే గ్రంథిని అణిచిపెడుతుంది. ప్రొజెస్టరాన్ పెరగదు, గర్భాశయం స్రవించదు, పిండం కదలదు. జూన్ దాటాక ఇంకో తాళం పడుతుంది. అప్పుడు పిల్లను తీసినా పిండం లేవదు. ఆ తాళంచెవి ఎండ దగ్గరుంది. దక్షిణార్ధగోళంలో డిసెంబరు 22 దాటి రాత్రులు పొడవు పెరగడం మొదలవగానే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్ వదిలే వేళ పెరుగుతుంది. తెల్లవారుజామున ప్రొలాక్టిన్ ఒక్కసారిగా పెరగడం ఆగిపోతుంది. పదకొండు నెలలు ఆగిన పిండం పెరగసాగుతుంది. నెల తిరిగేసరికి, మళ్లీ జనవరి చివర్లోనే, ప్రసవం. తమ్మార్ తల్లులంతా ఇంచుమించు ఒకే వారాల్లో ఈనడానికి ఇదే కారణం.

ఆ ప్రసవం చూడటానికి ఎంతో ఓపిక పట్టాలి. తల్లి తోకను కాళ్ల మధ్య నుంచి ముందుకు చాపి కూర్చుంటుంది. పిల్ల బయటపడి, ముందు కాళ్ల చిన్న గోళ్లతో బొచ్చు పట్టుకుని, చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ కొద్ది నిమిషాల్లో సంచి చేరుతుంది. తల్లి ఎత్తిపెట్టదు. ఈ విద్య పిల్లకు అప్పటికప్పుడు ఎలా వస్తుందన్నది చాలాకాలం వింతే. 2013లో బెర్లిన్ శాస్త్రవేత్తలతో కలిసి అల్ట్రాసౌండ్‌లో చూస్తే, పుట్టడానికి కొన్ని రోజుల ముందే పిండం గర్భాశయంలో ముందుకాళ్లతో పాకే కదలికలు చేస్తోంది. పుట్టేసరికి సాధన పూర్తయి ఉంటుంది. 2020లో అదే పద్ధతితో స్వాంప్ వాలబీ మీద మరో సంగతి తేలింది. దాని గర్భకాలం రుతుచక్రం కంటే పొడవు. అందువల్ల ప్రసవానికి ఒకటి రెండు రోజుల ముందే, నిండు గర్భంతో ఉండగానే, రెండో గర్భాశయం వైపు మళ్లీ గర్భం ధరిస్తుంది. ఈడొచ్చిన ఆడ స్వాంప్ వాలబీ గర్భం లేకుండా ఉండే రోజు దాదాపు ఉండదు.

2011లో తమ్మార్ జన్యుపటం వెలువడింది. దాని వెనకున్న అంతర్జాతీయ బృందానికి ముందున్నవారిలో రెన్‌ఫ్రీ ఒకరు. అంతకు మూడేళ్ల ముందు, 2008లో, ఆమె, ఆండ్రూ పాస్క్ మరికొందరితో కలిసి మ్యూజియంలో సారాయిలో నిలవ ఉన్న థైలసీన్ (టాస్మానియా పులి) నమూనాల నుంచి డీఎన్‌ఏ ముక్క తీసి ఎలుక పిండంలో ప్రవేశపెట్టారు. 1936లో హోబర్ట్ జంతుప్రదర్శనశాలలో చివరిది చచ్చిపోయాక కనబడని జంతువు అది. ఆ ముక్క ఎలుక మృదులాస్థిలో పనిచేసింది. ఈ ప్రయోగం చుట్టూ జంతువును తిరిగి పుట్టించే మాటలు ఎన్నో వచ్చాయి. వాటికంటే విలువైనది, పోయిన జంతువు జన్యువు ఏ పని చేసేదో బతికున్న కణంలో చూడగలగడం.

బతికున్నవాటికి ఈ విజ్ఞానం నేరుగా సాయపడుతున్న చోటూ ఉంది. తోక చివర కుచ్చుతో రాళ్ల గుట్టల్లో బతికే బ్రష్-టెయిల్డ్ రాక్ వాలబీ విక్టోరియాలో నక్కల వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దాని సంచిలోని పిల్లను, పాల దశ సరిపోయే తమ్మార్ తల్లికో మరో జాతి రాక్ వాలబీకో అప్పగిస్తారు. ఆ పెంపుడు తల్లి సొంత పిల్లను తీసెయ్యక తప్పదు, ఆ పని చేసేవాళ్లకు అది తేలికైన నిర్ణయమూ కాదు. చనుమొన మీద చిన్న పిల్లను పట్టించడం గంటల తరబడి సాగే సున్నితమైన పని. పెంపుడు తల్లి సంచిలో పిల్ల కుదురుకుంటుంది, ఇటు పిల్లను తీసిన రాక్ వాలబీ గర్భాశయంలో ఆగి ఉన్న పిండం కదులుతుంది. ఏడాదికి ఒక పిల్లను పెంచే తల్లి నుంచి అంతకు ఎన్నో రెట్లు పిల్లలు వస్తాయి. పిల్లను తీసిన ఆ రోజును సంరక్షకుల పట్టికలో కూడా సున్నా అనే రాస్తారు.